గంజి పట్టని అంగీ

"ఊరు గింత సప్పుడు లేకుంట ఉంటే నాకు మంచిగనిపిస్తలేదు తిర్పతీ. ఏదో అయితది. నా మాటిని ఇయ్యాల గడప దాటకు బిడ్డా."

రుక్కమ్మ ఆ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ కాలేదు. పొయ్యి మీద జొన్న అంబలి ఉడుకుతోంది. వాకిట్లో మేక నెమరు వేస్తోంది. పెద్దకొడుకు తిరుపతి అరుగు మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే నవ్వాడు.

"సప్పుడుంటే కొట్లాటైతదని బుగులు పడ్తవ్. సప్పుడు లేకుంటే ఏదో అయితదని బుగులు పడ్తవ్. ఊరు ఎంత సప్పుడు చెయ్యాల్నో నువ్వే చెప్పమ్మా, అంతే చేపిస్త."

"నవ్వకు. మీ నాయిన పోయిననాడు గూడ పొద్దుగాల గిట్లనే ఉండె."

ఆ మాటకు తిరుపతి నవ్వు ఆగిపోయింది. తండ్రి మద్దిలేటి కల్లు దుకాణం నుంచి వస్తూ దారిలోనే పడిపోయాడని ఈ కథను మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లింగాల పక్కన ఉన్న ఈ ఎర్రకుంటలో పొద్దుగూకితే ఆడా మగా అందరూ చేరేది ఆ దుకాణం దగ్గరికే. ఏడ్చే పసిపిల్లల నోట్లో కూడా రెండు చుక్కలు పోసి పండబెట్టిన ఊరది. ఆ దుకాణానికి మొన్న ఆదివారం తాళం పడింది.

తాళం వేయించింది పోలీసులు కాదు. మెథడిస్టు సంఘంలో కొత్త సంవత్సరం తొలి ఆదివారం నిబంధన ఆరాధన అని ఒకటుంది. రాబోయే ఏడాదంతా ఎట్లా బతుకుతామో సంఘమంతా లేచి నిలబడి దేవునికి మాట ఇస్తుంది. సంఘంలోని నలుగురూ ఇచ్చే ఆ మాటను తిరుపతి ఈసారి ఊరందరి చేత ఇప్పించాడు. రేకుల చర్చి చాలక జనం బయట ఎండలో నిలబడ్డారు. మైసమ్మకు మొక్కేవాళ్ళు మైసమ్మ మీదనే ఒట్టు పెట్టుకున్నారు. "సచ్చినా కల్లు ముట్టను" అని అందరికంటే గట్టిగా అరిచినవాడు మాసయ్య. వనపర్తి నుంచి కల్లు సీసాలు తెచ్చే మల్లన్న ఆటో ఊరి పొలిమేర నుంచే వెనక్కి తిరిగింది.

ఇదంతా చేసిన తిరుపతి బడి మొహం చూసినవాడు కాదు. లారీ మీద క్లీనరుగా రాయచూరు దారిలో తిరుగుతూ, ఊళ్ళ పేర్లు రాసిన బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాడు. బోర్డుల తర్వాత బైబిలు. రెండుసార్లు తప్పి మూడోసారి బోధకుల పరీక్ష పాసయ్యాడు. అతన్ని పూర్తి పాస్టరుగా నిలబెట్టే సంగతి మాట్లాడటానికి వచ్చే ఆదివారం పైనుంచి సూపరింటెండెంటు గారు వస్తున్నారు. ఆ రోజు తొడుక్కోవాల్సిన తెల్ల నిలువుటంగీ దండెం మీద వేలాడుతోంది. రుక్కమ్మ దిగులులో సగం దాని మీదే.

"అంగీ ఏందమ్మా గట్ల తడి బొంత లెక్క ఏలాడుతున్నది?"

"గంజి పట్టలే. మీ తమ్ముడు తెచ్చిన పొడి ఏసి కాసిన. గద్వాలల పట్టుచీరలకే పెడ్తరంట గదా, నీ అంగీ కాయితం లెక్క నిలబడ్తదనుకుంటి."

"పట్టుచీరలకు పెట్టేది నాకెందుకు పెట్టినవ్? పెండ్లిపిల్లననుకున్నవా?"

రుక్కమ్మకు నవ్వు రాలేదు. చిన్నకొడుకు భాస్కర్ గద్వాలలో ఒక మగ్గాల ఇంట్లో నూలుకు గంజి పెట్టే పనిలో ఉన్నాడు. నెలకో రెండు నెలలకో వస్తాడు. వచ్చినప్పుడల్లా అంగీ జేబుల్లో, చేతుల మడతల్లో తెల్లటి దుమ్ము. పాపం పిల్లగాడు గంజిలోనే బతుకుతున్నాడని దులిపి, ఉతికి పంపేది. పోయినసారి తొందరలో ఒక పొట్లం మరిచిపోయి వెళ్ళాడు. చూస్తే తెల్లగా మెత్తగా బియ్యప్పిండిలా ఉంది. దాన్నే ఆమె గంజిలో కలిపి కాసింది. ఎంత కాసినా చిక్కబడలేదు. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే చేదు. మిగిలింది పారబోయడానికి మనసొప్పక మేక కుడితిలో పోసింది. ఆ మేక దినమంతా కాళ్ళు చాపి పడుకుంది. ఎవరి దిష్టో తగిలిందని దాని మెడకు పసుపుకొమ్ము కట్టింది. ఆ మధ్యాహ్నం తనకూ కళ్ళు మూతలు పడ్డాయి. ముసలిదాన్ని అయిపోతున్నాననుకుంది.

అంబలి దించుతుండగా వీధిలో పరుగు వినిపించింది.

"వదినె! ఓ రుక్కమ్మొదినె! నీ తమ్ముడు కట్టె లెక్క బిగుసుకపోయిండు! లేవుండ్రి!"

మాసయ్య భార్య పుష్పమ్మ. కొంగు నేల మీద ఈడ్చుకుంటోంది. మాసయ్య రుక్కమ్మకు తోడబుట్టినవాడు కాదు కానీ వరసకు తమ్ముడు, ఆ వరసను తోడబుట్టినంతగా పాటించినవాడు. తిరుపతి కుట్టడం సగంలో వదిలేసి, ఒక కాలికే చెప్పుతో పరుగెత్తాడు.

మాసయ్య తన ఇంటి ముందర మట్టిలో పడి కొట్టుకుంటున్నాడు. కళ్ళు తెల్లగా తిరిగిపోయాయి. నాలుక కొరుక్కున్నాడేమో, నోటి చివర నెత్తురు. నలుగురు పట్టుకున్నా ఆ బక్క మనిషి ఆగడం లేదు. పక్కింట్లో గోపాలయ్య గోడకేసి చెయ్యి చూపిస్తూ "పాములు, పాములు" అని కేక పెడుతున్నాడు. గోడ మీద ఏమీ లేదు. అవతలి వీధిలోంచి ఇంకెవరిదో అరుపు. పొద్దుటి నుంచీ ఊరు ఎందుకు మూగబోయి ఉందో రుక్కమ్మకు అప్పుడు తెలిసింది. ఇంటింటా మంచాల్లో వణుకుతూ పడి ఉన్నారు.

"నేను చెప్పలేదా బిడ్డా," అనబోయి నోరు మూసుకుంది. చెప్పడానికి కొడుకు ముఖం ఎదురుగా లేదు. అతను మాసయ్యను భుజాన వేసుకుని ఆటో వైపు నడుస్తున్నాడు.

నాగర్‌కర్నూల్ దవాఖాన వరండాలో మంచాలు చాలలేదు. కొందరిని చాపల మీద పడుకోబెట్టారు. 108 బండి ఇంకా తిరుగుతూనే ఉంది. దారంతా మాసయ్య కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వచ్చిన రుక్కమ్మ ఇప్పుడు గోడ పక్కన ముడుచుకుని కూర్చుని, వచ్చే ప్రతి మనిషి ముఖం చూస్తోంది. చనిపోయారన్న మాట ఎవరి నోట ముందు వస్తుందోనని ఆమె చూపు.

డాక్టరమ్మ పేరు మానస. వయసులో చిన్నపిల్ల. పొద్దుటి నుంచి కూర్చున్నట్టు లేదు.

"ఇంతమందిని ఒక్కసారిగా మానెయ్యమని ఎవరు చెప్పారు?"

వరండాలో అందరి తలలూ ఒకవైపే తిరిగాయి.

"నేనే డాక్టరమ్మా," అన్నాడు తిరుపతి.

"మంచి పనే చేయాలనుకున్నారు. కానీ అది ఒట్టి కల్లు అనుకున్నారు. దాన్లో మత్తుమందు కలుపుతారు. ఏళ్ళ తరబడి అది ఒంట్లో ఇంకిపోయిన మనిషికి ఒక్కరోజులో ఆపేస్తే ఇట్లాగే అవుతుంది. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. నిన్న వణుకు మొదలైనప్పుడే తీసుకొచ్చినా ఇంత దూరం వచ్చేది కాదు."

తిరుపతి గోడకు చెయ్యి ఆనించాడు. అతని రెండో కాలికి చెప్పు లేదని రుక్కమ్మ అప్పుడు గమనించింది. కాలికి ఏదో గుచ్చుకుని నెత్తురు కారుతోంది, అతనికి తెలిసినట్టు లేదు.

పుష్పమ్మ లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "అల్లుడా" అని తప్ప పిలవని మనిషి.

"ఇంటున్నవా పాస్టరయ్యా? నిన్న మాపటికి చేతులు వణుకుతుంటే సీసల మిగిలింది ఇంత తాగుమన్న. కాళ్ళు మొక్కిన. పండ్లు బిగవట్టిండు. దేవుని ముందట నిలబడి అన్న, తాగితే పిల్లలకు తగుల్తదన్నడు. నువ్వు చెప్పిచ్చిన మాట వాని గొంతుల అడ్డం పడ్డది. మంచిగున్నదా? పాణం బోతే ఆ మాట కప్పి పండవెడ్తవా?"

"అత్తా..."

"అత్త లేదు గిత్త లేదు. నువ్వు కట్టిన ముడి నువ్వే ఇప్పు."

రుక్కమ్మ లేవబోయింది. పుష్పమ్మ చెయ్యి ఎత్తుతుందేమోనని. కానీ తిరుపతి అప్పటికే మాసయ్య మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్పృహ ఉందో లేదో తెలియని ఆ మనిషి చెవిలో గట్టిగా, వరండా అంతా వినేట్టు అన్నాడు.

"మామా, నేను తిర్పతిని. ఆదివారంనాడు నీతోని అనిపిచ్చిన మాట నేను వాపసు తీసుకుంటున్న. నీ పిల్లలకు తగలది. తగిలితే నాకు తగలనీ. డాక్టరమ్మ ఏమిస్తే అది మింగు. కల్లే తాపమంటే నేనే తెచ్చి తాపుత."

ఎవరో ముసలామె ముక్కు చీదింది. చర్చి పెద్దలు ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూపరింటెండెంటు గారి చెవిన ఈ మాట పడితే వచ్చే ఆదివారం ఏమవుతుందో రుక్కమ్మకు కూడా తెలుసు. దండెం మీది అంగీ కళ్ళ ముందు ఆడింది. పోతే పోయింది, కొడుకును ఎవరూ కొట్టకుంటే చాలనుకుంది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు కల్లుతో అయ్యే పని కాదు. ఫిట్స్ ఆగడానికి సూది ఇస్తే మిగతావాళ్ళు తేరుకుంటున్నారు. ఈయనకూ గోపాలయ్యకూ మాత్రం ఊపిరి తగ్గిపోతోంది. ఒక రకం కాదు, రెండు రకాల మందు కలిపారని నా అనుమానం. అదేమిటో తెలియకుండా ఇంకో సూది ఇస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఇవ్వకుండా ఉంటే మళ్ళీ ఫిట్స్ వచ్చినప్పుడు గుండె తట్టుకోకపోవచ్చు. కలిపిన మనిషైనా చెప్పాలి, ఆ మందైనా నా చేతికి రావాలి. హైదరాబాద్ పంపుదామంటే దారి మధ్యలో నేను హామీ ఇవ్వలేను."

"మల్లన్న ఫోను బందున్నది," అన్నాడు తిరుపతి. "వనపర్తిల ఏదో గదిల కలుపుతరంట. గది ఏడున్నదో ఎవలకు తెల్వదు."

"మిగిలిన కల్లు ఏమైనా తెచ్చారా?"

పుష్పమ్మ కొంగు ముడి విప్పి సీసా తీసింది. నిన్న మాసయ్య తాగనన్నదే. డాక్టరమ్మ దాన్ని స్టీలు పళ్ళెంలోకి వంచింది. పైనీళ్ళు జారిపోయాక అడుగున తెల్లటి మడ్డి మిగిలింది. గ్లౌజు వేసుకున్న వేలితో దాన్ని రాసి చూసింది.

"చూడండి. పిండిలా మెత్తగా ఉంది, ఏ మందో తేల్చే పరీక్ష మాత్రం ఇక్కడ లేదు. ఎంత కలిపినా చిక్కబడదు, అడుగుకు దిగుతుంది. నాలుకకు తగిలితే చేదు. కొత్తవాళ్ళయితే ఇంత రవ్వకే కళ్ళు మూతలు పడతాయి. పశువు తాగినా పడుకుంటుంది."

రుక్కమ్మ ఆ పళ్ళెం వైపు చూసింది.

చూస్తూనే ఉంది. వరండాలో మూలుగులు, ఏడుపులు, చక్రాల మంచం కిర్రుమంటున్న చప్పుడు, అన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి. పొయ్యి మీద ఎంత కాసినా చిక్కబడని గంజి. నాలుక మీది చేదు. కాళ్ళు చాపి పడుకున్న మేక. దాని మెడకు కట్టిన పసుపుకొమ్ము. జేబుల మడతల్లోంచి ఎన్నిసార్లు తన చేతులతో దులిపిందో ఆ తెల్లటి దుమ్మును. దులిపి, ఉతికి, ఇస్త్రీ పెట్టి, "జర టైముకు తిను బిడ్డా" అని మళ్ళీ అదే పనికి సాగనంపింది.

బతుకంతా ఆమె భయపడినవి ఎన్నని. తిరుపతి లారీ కింద పడతాడని, భాస్కర్ నీళ్ళలో మునుగుతాడని, ఇల్లు కూలుతుందని, పాము దూరుతుందని. భయపడినవేవీ కాలేదు. ఇది మాత్రం ఒక్కనాడూ ఆమె తలపులోకి రాలేదు. ఒక కొడుకు తాళం వేయించిన దుకాణానికి మందు కలిపి పంపింది రెండో కొడుకా!

కాదేమో. నిజంగా గంజిపొడేనేమో. గద్వాల మగ్గాలకు అట్లాంటిదే వాడతారేమో. పెద్దకొడుకు వైపు చూసింది. అతను పళ్ళెం ముందర నిలబడి, "ఎవలకన్న తెలుస్తే చెప్పుండ్రి. వానిని ఏమనను. కేసు గాకుంట నేను నిలబడ్త. పాణాలు ముఖ్యం, చెప్పుండ్రి," అని అందరినీ బతిమాలుతున్నాడు. కేసు కాకుండా నిలబడటానికి అతనెవరు? లోపల బల్ల దగ్గర కానిస్టేబుల్ అప్పుడే అందరి పేర్లు రాసుకుంటున్నాడు.

చెబితే చిన్నవాడు జైలుకు పోతాడు. అంతకుముందే ఈ జనం చేతికి దొరికితే ఏముంటుంది? చెప్పకపోతే మాసయ్య పోతాడు, గోపాలయ్య పోతాడు, తిరుపతి ఇక మనిషిగా మిగలడు. రెండు చేతుల్లో ఏ వేలు నరుక్కోమంటావు తల్లీ అని మైసమ్మను అడిగింది. కొడుకు దేవుణ్ణీ అడిగింది.

"వదినె, నువ్వెందుకు గట్ల వణుకుతున్నవ్?" పుష్పమ్మ అడిగింది. గొంతులో కోపం లేదిప్పుడు. "నువ్వు గూడ తాగుతుంటివా ఏంది?"

"నీళ్ళు తాగొస్త," అని రుక్కమ్మ లేచింది.

నల్లా వరండా చివర, మెట్ల పక్కన ఉంది. అక్కడ నిలబడి నడుముకు దోపుకున్న సంచిలోంచి బటన్ల ఫోను తీసింది. ఒకటి నొక్కితే పెద్దోడు, రెండు నొక్కితే చిన్నోడు అని భాస్కరే నేర్పాడు. రెండు నొక్కింది. చాలాసేపు మోగింది.

"అమ్మా, పనిల ఉన్న. మల్ల చేస్త."

"ఏడున్నవ్ బిడ్డా?"

"ఏడుంట? గద్వాలల. నూలు ఆరబెడ్తున్నం."

"నువ్వు మరిచిపోయిన పొడి మీ అన్న అంగీకి పెట్టిన. గంజి పట్టలే."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"మిగిలింది మేకకు పోసిన. దినమంత పండుకున్నది."

"అగో... గది వేరే పొడమ్మా. పారబొయ్యి."

"చిక్కవడ్తలేదేందని నేను గూడ నాలుకకు పెట్టుకున్న."

"అమ్మా! ఎంత నాకినవ్? ఎంత? ఇప్పుడెట్లున్నవ్? ఊపిరి మంచిగాడ్తున్నదా? ఎవలన్న ఉన్నరా నీ పక్కన?"

రుక్కమ్మ కళ్ళు మూసుకుంది. గంజి నాలుకకు రాసుకున్న తల్లి కోసం ఏ కొడుకూ అట్లా అరవడు. కాదేమో అన్న ఆఖరి ఆశ కూడా ఆ అరుపుతో పోయింది. పోతూ పోతూ, వీడు ఇంకా నా కొడుకే అన్న సంగతి కూడా చెప్పి పోయింది.

"నేను మంచిగనే ఉన్న," అంది. "మాసయ్య మామ మంచిగ లేడు. నిన్ను భుజాల మీద కూసోవెట్టుకోని కురుమూర్తి జాతర చూపిచ్చినోడు. ఊపిరి ఆగేటట్టున్నది. అన్న అందరి కాళ్ళు పట్టుకుంట తిరుగుతుండు. నాకు ఎరకైందని ఎవలకూ చెప్పలే. నీ నోటి నుంచే ఇనాలె. ఏం కలిపినవ్ భాస్కర్?"

గోడ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"బిడ్డా."

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రుక్కమ్మ ఫోను చెవికి ఒత్తుకుని నిలబడింది. నల్లాలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. వెనక వరండాలో డాక్టరమ్మ ఎవరినో గట్టిగా పిలిచింది, కాళ్ళ చప్పుళ్ళు మాసయ్య మంచం వైపు పరుగెత్తాయి, పుష్పమ్మ ఏడుపు పైకి లేచింది. అయినా ఆమె కదల్లేదు. కదిలితే ఆ ఊపిరి తెగిపోతుందేమోనని భయం.

అప్పుడు గేటు వైపు నుంచి 108 బండి కూత వినిపించింది. ఎర్రకుంట నుంచి ఇంకెవరినో తెస్తున్నట్టుంది. కూత దగ్గరైంది, గేటు దగ్గర ఒక్కసారిగా పెరిగింది.

అదే కూత ఫోనులోంచీ వచ్చింది. అంతే గట్టిగా.

రుక్కమ్మ ఫోనును చెవి నుంచి తీసి చూసింది. మళ్ళీ పెట్టుకుంది. రెండు చెవుల్లోనూ ఆ బండి ఒక్కసారే వచ్చి, ఒక్కసారే ఆగింది. గద్వాలలో నూలు ఆరబెడుతున్నవాడి పక్కన నాగర్‌కర్నూల్ బండి ఎట్లా కూస్తుంది?

ఆమె మెల్లగా గేటు వైపు తిరిగింది. జనం, ఆటోలు, అవతల చాయ్ బండి మీది పొగ. ఎవరూ కనబడలేదు.

"భాస్కర్," అంది. అడగలేదు, పిలిచింది అంతే. చిన్నప్పుడు చీకటి పడ్డాక వీధిలోకి పిలిచినట్టు.

ఈసారి అతను అబద్ధం చెప్పలేదు.

"ఊరోళ్ళను ఈడికి తెస్తున్నరని ఇన్నప్పటి సంది ఈడనే ఉన్నమ్మా. చాయ్ బండి ఎనక. కల్లుల కలిపిన మందు రెండు డబ్బలూ సంచిల తెచ్చిన. లోపటికొచ్చెతందుకు కాళ్ళొస్తలేవు. ఎవలను పంపుతవ్? అన్ననా, పోలీసోన్నా?"